వెలుగు గొట్టానిది, గుర్తింపు పూతది: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: కార్బన్ నానోగొట్టాలు రక్తంలోని గ్లూకోజును, మెదడులో సంకేతాలను మోసే రసాయనమైన డోపమిన్‌ను కాంతి ద్వారా పట్టి చూపుతాయని మా కళాశాలలో జరిగిన ఒక ఉపన్యాసంలో విన్నాను. మసిలా నల్లగా ఉండే కార్బన్ ఎలా వెలుగుతుంది? ఒక అణువును మరొక అణువు నుంచి ఎలా వేరు చేస్తుంది?
– రసాయనశాస్త్ర విద్యార్థిని, తిరుపతి

జవాబు: వెలగడం గొట్టం చేసే పని, గుర్తుపట్టడం దాని మీద చుట్టిన పూత చేసే పని. గొట్టమే గ్లూకోజును గుర్తిస్తుందన్నట్టు రాసే వార్తలు ఎక్కువ కాబట్టి ఈ తేడాను ముందే చెప్పవలసి వస్తున్నది.

ఒకే పొర గల కార్బన్ గొట్టం వ్యాసం సుమారు 1 నానోమీటరు. షట్కోణాల అల్లిక గల పొరను ఈతచాపలా చుట్టినట్టు ఊహించుకోండి. చాపను నిటారుగా చుట్టామా, ఏటవాలుగా చుట్టామా, ఎంత లావున చుట్టామా అన్నదాన్ని బట్టి మూడింట రెండు వంతుల గొట్టాలు అర్ధవాహకాలవుతాయి, మిగిలినవి లోహ స్వభావాన్ని పొందుతాయి. బయటి నుంచి కాంతి ప్రసరింపజేసినప్పుడు తిరిగి వెలిగేవి అర్ధవాహకాలు మాత్రమే. అయితే ఇవి ఒకదానినొకటి అంటుకుని కట్టలుగా ఉంటాయి. కట్టలోని లోహపు గొట్టాలు పక్కవాటి శక్తిని లాగేసుకోవడం వల్ల వెలుగు బయటికి రాదు. మీరు చూసే నల్లని పొడి ఆ స్థితిలోనిదే. 2002లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్మాలీ, బ్రూస్ వైస్‌మన్‌ల బృందం సబ్బువంటి పదార్థంతో ఈ గొట్టాలను నీటిలో విడదీసి చూసినప్పుడు వాటి ప్రతిదీప్తి, అంటే కాంతి తగిలితే తిరిగి వెలిగే గుణం, బయటపడింది.

ఆ వెలుగు కంటికి కనిపించదు. సుమారు 900 నుంచి 1400 నానోమీటర్ల మధ్య, సమీప పరారుణ ప్రాంతంలో ఉంటుంది. కంటికి కనిపించే కాంతితో పోలిస్తే దీన్ని రక్తమూ చర్మమూ తక్కువగా అడ్డుకుంటాయి, కణజాలం తనంతట తాను వెలువరించే కాంతి కూడా ఇక్కడ చాలా తక్కువ. పైగా ఈ గొట్టాలు మామూలు ప్రతిదీప్తి రంగుల్లా కొద్దిసేపటికే వెలిసిపోవు.

ఇక గుర్తుపట్టే సంగతి. ఈ గొట్టంలో ప్రతి పరమాణువూ ఉపరితలం మీదే ఉంటుంది. కాంతి తగిలినప్పుడు పుట్టే ఎక్సైటాన్, అంటే ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ (రంధ్రం) కలిసిన జంట, గొట్టం వెంట దాదాపు 100 నానోమీటర్లు సాగుతుంది. ఆ దారిలో ఒక అణువు వచ్చి వాలితే వెలుగు తగ్గవచ్చు, పెరగవచ్చు, లేదా దాని తరంగదైర్ఘ్యం కొద్దిగా జరగవచ్చు. 2005లో మైకేల్ స్ట్రానో బృందం గొట్టాలకు గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును పూసి, ఫెర్రీసయనైడు అనే రసాయనాన్ని జతచేసింది. గ్లూకోజు ఉన్నప్పుడు ఎంజైము హైడ్రోజన్ పెరాక్సైడును పుట్టిస్తుంది, అది ఫెర్రీసయనైడుతో చర్య జరపడంతో వెలుగు మారుతుంది. ఇక్కడ గ్లూకోజును గుర్తుపట్టినది ఎంజైమే.

డోపమిన్ కథ నాకు ఇంతకంటే ఆసక్తికరంగా తోస్తుంది. డీఎన్ఏలోని నాలుగు అక్షరాల్లో గ్వానీన్, థైమీన్ అనే రెండు మాత్రమే పదేపదే వచ్చే చిన్న డీఎన్ఏ పోగును చుడితే, డోపమిన్ సోకగానే గొట్టం మరింత ప్రకాశిస్తుంది. ఈ గుణం విడిగా ఉన్న డీఎన్ఏది కాదు, గొట్టం మీద చుట్టుకున్నప్పుడు దానికి వచ్చే ఆకృతిది. 2019లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మార్కిటా లాండ్రీ బృందం ఇటువంటి గొట్టాలతో ఎలుక మెదడు ముక్కల్లో డోపమిన్ విడుదలను చిత్రీకరించింది. కానీ అదే సెన్సారు నార్ఎపినెఫ్రిన్ అనే మరో మెదడు రసాయనానికి కూడా స్పందిస్తుంది. రెండు అణువుల నిర్మాణంలో తేడా ఒక్క హైడ్రాక్సిల్ (OH) సమూహమే. ఈ రంగంలో అసలు చిక్కు వెలుగుతో కాదు, ఇలాంటి దగ్గరి పోలికలను విడదీయగల పూతతోనే అని నా అభిప్రాయం.

ప్రశ్న: మా నాన్నగారికి షుగరు ఉంది. చేతికి అంటించుకునే గ్లూకోజ్ పరికరాన్ని రెండు వారాలకోసారి మార్చవలసి వస్తున్నది, ఖర్చు భారంగా ఉంది. ఈ గొట్టాలతో ఎక్కువ కాలం పనిచేసే పరికరం వస్తుందా? అవి ఒంట్లోకి వెళితే ప్రమాదం కాదా?
– గృహిణి, చిత్తూరు

జవాబు: అమ్మా, అటువంటి పరికరం ఇప్పుడు మందుల దుకాణంలో దొరకదు. వెలుగు వెలిసిపోదు కాబట్టి ఎక్కువ కాలం పనిచేస్తుందన్న ఆశ న్యాయమైనదే. కానీ రక్తంలోని ప్రొటీన్లు పూత మీద పేరుకుని సెన్సారు స్పందనను మార్చేస్తాయి. ఫోన్ కెమెరాల్లో ఉండే సిలికాన్ 1000 నానోమీటర్లు దాటిన కాంతిని సరిగా పట్టలేదు కాబట్టి, ఖరీదైన ఇండియం గాలియం ఆర్సెనైడ్ డిటెక్టర్లు కావలసి వస్తాయి.

ప్రమాదం గురించి మీరు అడగడం సమంజసమే. పొడవైన, గట్టి, అనేక పొరల కార్బన్ గొట్టాలు ఎలుకల్లో ఆస్బెస్టాస్ తరహా వాపును కలిగించాయని 2008లో ఒక పరిశోధన చూపింది. సెన్సార్లలో వాడే పొట్టి, ఒకే పొర గొట్టాలు వేరు; అయినా పూత మారినప్పుడల్లా భద్రతను మళ్ళీ పరీక్షించవలసిందే. దీనికోసం ఎదురుచూస్తూ నాన్నగారి పరీక్షలను ఆపవద్దు. పరికరం భారమైతే, వేలిని గుచ్చి చూసే పరీక్షతోనూ, మూడు నెలల సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షతోనూ సరిపెట్టవచ్చునా అని తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో షుగరు, హార్మోన్ల సమస్యలను చూసే ఎండోక్రైనాలజీ విభాగంలో అడగండి.

ప్రశ్న: ఈ కార్బన్ నానోగొట్టాలు పంటల్లో పనికొస్తాయా?
– టమాటా రైతు, పలమనేరు

జవాబు: ప్రయోగశాలలో పనికొచ్చాయి. అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు ఈ గొట్టాలను ఆకుల్లోకి ఎక్కించి, ఆకుకు గాయమైనప్పుడు మొక్కలో వ్యాపించే హైడ్రోజన్ పెరాక్సైడు అలను 2020లో పరారుణ కెమెరాతో చూశారు. మీ తోటలో ఆకు మచ్చ కంటికి కనిపించక ముందే మొక్క పడుతున్న ఒత్తిడిని తెలుసుకోవడానికి ఈ పద్ధతి ఉపయోగపడవచ్చు. అయితే ఎకరాల కొద్దీ మొక్కలకు ఆకు ఆకుకూ ఎక్కించడం కుదిరే పని కాదు. పొలంలో ఒకటి రెండు మొక్కలను కాపలాగా ఉంచే విధంగా వస్తేనే రైతుకు గిట్టుబాటవుతుంది.