మిద్దె తోటకు ఏ రోజ్ క్యాన్?

ప్రశ్న: అమ్మా, మా మిద్దె మీద నలభై కుండీలున్నాయి. మొక్కలకు నీళ్ళు పోసే ప్లాస్టిక్ రోజ్ క్యాన్లు ఎండకు పెళుసెక్కి ఏడాదిన్నరకే పగిలిపోతున్నాయి. ఈసారి లోహపుది కొందామని వెళితే జీఐ రేకుది, స్టీలుది, రాగిది చూపించారు. రంగులేసి పూలబొమ్మలు గీసినవీ ఉన్నాయి. కొంటే పది లీటర్లదే కొనమని మావారి సలహా. ఏది తీసుకోను?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ముందు మీవారి సంగతి తేల్చేద్దాం. లీటరు నీళ్ళు కిలో బరువు. పది లీటర్లంటే 10 కిలోలు, డబ్బా బరువు దాని మీద అదనం. ఒంటి చేత్తో మోస్తూ, వంచుతూ నలభై కుండీలు తడిపేసరికి ఏ భుజమైనా మొరాయిస్తుంది. అయిదు లీటర్లవి రెండు కొనండి. చేతికొకటి పట్టుకుంటే నడుము ఒకవైపు ఒరిగిపోదు. మీవారికి ఇంకా నమ్మకం కుదరకపోతే పది లీటర్ల బకెట్ నింపి ఆయన చేతే మెట్లెక్కించండి.

రోజువారీ వాడకానికి నా ఓటు జీఐ రేకుకే. ఇనుము మీద జింకు పూత ఉంటుంది కనుక ఎక్కడైనా గీత పడ్డా, చుట్టుపక్కల జింకు తాను అరిగిపోతూ ఇనుమును కొంతకాలం కాస్తుంది. ఒట్టి ఇనుప రేకుకు రంగేసిన బొమ్మల డబ్బాలకు ఆ గుణం లేదు, పెచ్చు ఊడిన చోటల్లా తుప్పే. రాగిది ముచ్చటగానే ఉంటుంది కానీ ఆ డబ్బుతో ఇంకో పది కుండీలు కొనుక్కోవచ్చు.

జీఐకి పడనిదేమిటో నేను చేతులు కాల్చుకుని తెలుసుకున్నాను. మా నిమ్మచెట్టుకు గజ్జి తెగులొస్తే మైలుతుత్తం, సున్నం కలిపే బోర్డో మిశ్రమం అనే తెగులు మందు చేద్దామని, బద్ధకించి మైలుతుత్తం రోజ్ క్యాన్‌లోనే కరిగించి రాత్రంతా వదిలేశాను. పొద్దున చూస్తే నీళ్ళ నీలం వెలిసిపోయింది, లోపలంతా నలుపూ ఎరుపూ కలిసిన బురదలాంటి పూత. మైలుతుత్తంలోని రాగి రేకుకు పట్టేసి, జింకు నీళ్ళలో కలిసిపోయింది. ఆ వానాకాలం దాటకుండానే అడుగు చిల్లులు పడింది. మైలుతుత్తం ప్లాస్టిక్ బకెట్‌లోనో మట్టికుండలోనో కలపండి. పులిసిన మజ్జిగ, పేడ, బెల్లం వగైరా పులియబెట్టి చేసే జీవామృతం కూడా జీఐలో నిలవ ఉంచొద్దు, పులుపు జింకును తినేస్తుంది. అవి తరచూ పోసేవారైతే స్టీలుది తీసుకుని, వడకట్టి పోయండి.

కొట్లో డబ్బాను ఎండకేసి పట్టి లోపలికి చూడండి. మాటు వేసిన అతుకుల్లో సూదిమొనంత వెలుగు కనిపించినా పక్కన పెట్టేయండి. తర్వాత బల్ల మీద నిలబెట్టి పక్కనుంచి చూడండి. నీళ్ళొచ్చే కొమ్ము చివర, డబ్బా అంచుకు సమానంగానో కాస్త పైకో ఉండాలి. కిందికి ఉందా, డబ్బా నిండకముందే కొమ్ములోంచి కారిపోతుంది. అమ్మేవాళ్ళు విసుక్కున్నా సరే, నీళ్ళు పోయించి చూడాల్సిందే.

కొమ్ము చివరి జల్లెడ మర తిప్పితే ఊడి వచ్చేదై ఉండాలి, ఇత్తడిదైతే మరీ మంచిది. దాని ముఖం పైకి ఉండేలా బిగిస్తే నీళ్ళు పైకి లేచి తుంపరలా దిగుతాయి. తోటకూర విత్తనం ఆవగింజకన్నా చిన్నది. కిందికి చూసే జల్లెడతో పోశారంటే మట్టితో సహా కుండీ అంచుకు కొట్టుకుపోతుంది. మొదట కుండీ బయట వంచి, ధార కుదురుకున్నాక మొక్క మీదికి తిప్పండి. ఆపేటప్పుడూ అంతే, బయటికి తిప్పాకే డబ్బా నిలబెట్టండి.

పనయ్యాక డబ్బాను నీడలో బోర్లించండి. నీళ్ళతో సహా మే ఎండలో వదిలేస్తే మధ్యాహ్నానికి అందులో చేయి పెట్టలేరు, ఆ నీళ్ళు మొక్కలకేం పోస్తారు? మీది బోరు నీళ్ళయితే జల్లెడ రంధ్రాల చుట్టూ తెల్లగా సున్నం పేరుకుంటుంది. ఇత్తడి జల్లెడను ఊడదీసి, పూజసామాన్లకు చేసినట్టే కాసేపు చింతపండు రసంలో నానేసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. జల్లెడ వరకే సుమా. ఆ రసం డబ్బాలో పోశారంటే మళ్ళీ నా మైలుతుత్తం కథే.