పెరట్లో ఆరు కోళ్లు: గుడ్ల లెక్క కాదు, పొదిగే పెట్ట చూసుకోండి

"ఆరు కోళ్లు పెంచితే వాటి గుడ్లతోనే దాణా ఖర్చు వచ్చేస్తుందా? వనరాజా రకం కొనాలా, నాటుకోడా?" అని అడిగారు. మాది చీపురుపల్లి దగ్గర పల్లె. ఐదేళ్లుగా పెంచుతున్నాం. దాణా మొత్తం కొనే పనైతే రాదండి. గుడ్లు పెట్టే కోడి రోజుకు దాదాపు 100 గ్రాములు తింటుంది, అంటే ఆరింటికి నెలకు 18 కిలోలు. సగం మేతైనా అవే పెరట్లో ఏరుకోవాలి. మేం పొద్దున కాసిన్ని నూకలు, చోళ్లు (రాగులు) చల్లి వదిలేస్తాం.

మొదట్లో నేనూ గుడ్ల లెక్కే చూశాను. నాటుపెట్ట ఏడాదికి 50, 60 పెడితే వనరాజా వంద దాకా పెడుతుంది, గ్రామప్రియ ఇంకా ఎక్కువ. రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసినవే. గుడ్లకేం లోటు లేదు గానీ పొదగడానికి ఒక్కటీ కూర్చోలేదు. "ఓలమ్మా, ఇదేటి కోడే, గుడ్డెట్టేసి ఎలిపోతంది, కూకోదేటి!" అని మా అత్త ఒకటే నవ్వు. పిల్లల్ని మళ్లీ డబ్బులు పెట్టి కొనాల్సొచ్చింది.

ఇప్పుడు మూడు నాటుపెట్టలు, మూడు గ్రామప్రియలు, ఒక నాటుపుంజు ఉన్నాయి. గ్రామప్రియ గుడ్లు నాటుపెట్ట కింద పెడతాం. వారం దాటని గుడ్లే, డజనుకు మించకుండా. గంప అడుగున బూడిద చల్లి గడ్డి పరిస్తే పేల బాధ తగ్గుతుంది. ఏడో రోజు రాత్రి ఫోన్ టార్చ్ మీద గుడ్డు ఆనించి చూడండి. ఎర్రటి నరాలు సాలీడు కాళ్లలా పాకి కనిపిస్తాయి. ఏమీ లేకుండా తేటగా ఉంటే తీసేయడమే. 21 రోజులకు పిల్లలు. పోయినసారి 12కి 9 లేచాయి. బల్బు వేడి అక్కర్లేదు, తల్లి రెక్కలు చాలు. కాకపోతే ఈ పిల్లలు పెద్దయ్యాక గ్రామప్రియ అన్ని గుడ్లు పెడతాయని ఆశ పెట్టుకోకండి.

అసలు డబ్బు పుంజుల్లో ఉంది. జూన్‌లో పొదిగేస్తే కనుమ నాటికి అమ్మకానికొస్తాయి. ఆ వారం బేరం కూడా ఆడరు. మా దాణా ఖర్చు పూడేది అక్కడే. బాగా పొదిగి, గద్ద నీడ పడితే పిల్లల్ని రెక్కల కిందికి లాక్కునే పెట్టను మాత్రం ఏ పండక్కీ కొయ్యం.

టీకా మానకండి. "నాలుగు కోళ్లకి టీకా ఏంటిలే" అనుకున్న ఏడాది కొక్కెర తెగులు తగిలి నాలుగు రోజుల్లో 14 పోయాయి. పిల్లలకు ఏడో రోజున ఆ తెగులుకు వేసే లసోటా టీకా కంట్లో ఒక చుక్క, నాలుగో వారంలో ఇంకోసారి, ఎనిమిదో వారంలో రెక్క కింద సూది. సీసాలో వంద డోసులుంటాయి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి. అందుకే మా వీధిలో ఐదారు ఇళ్లవాళ్లం ఒకే రోజు పెట్టుకుని, ఐసు ఫ్లాస్కులో ఒక్క సీసా తెచ్చుకుంటాం.