అమెరికా నుంచి రీలోడింగ్ సామాను, తుపాకీ విడిభాగాలు ఇండియాకు తెచ్చుకోవచ్చా? నాకు జరిగింది చెబుతాను

మీ ప్రశ్న ఇదీ: టెక్సస్‌లో ఎనిమిదేళ్లు ఉండి ఇప్పుడు హైదరాబాద్ వచ్చేస్తున్నారు. ఇంటి సామాను కంటైనర్‌లో వేస్తున్నారు. ఇంట్లోనే తూటాలు నింపుకునే (రీలోడింగ్) ప్రెస్, దానికి బిగించే అచ్చులు అంటే డైలు, కాల్చేసిన తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాలు అంటే బ్రాస్ రెండు డబ్బాలు, కొలత సామాను, ఒక స్పేర్ బ్యారెల్ (తుపాకీ గొట్టం) మిగిలాయి. "తుపాకీ తేవడం లేదు, విడి సామానే కదా, వేసేయొచ్చా?"

వేయకండి. సరిగ్గా ఇదే మాట 2021లో నేనూ అనుకున్నాను.

డాలస్ దగ్గర ఉన్నన్నాళ్లూ నాది హెచ్‌1బీనే. ఆ వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండకూడదని అక్కడి ఫెడరల్ చట్టం. హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు. అది తీసుకునే రైఫిల్ కొన్నాను. శనివారం రేంజ్‌లో కాల్చడం ప్రాక్టీసు, ఆదివారం గరాజ్‌లో ప్రెస్. మా ఆవిడ దాన్ని జంతికల గొట్టం అనేది. చూడ్డానికీ అలాగే ఉంటుంది, పనీ ఇంచుమించు అంతే, పిడి కిందికి లాగడమే. కోవిడ్ రోజుల్లో ప్రైమర్ల (తూటా అడుగున ఉండి, పిన్ను తగలగానే నిప్పు రాజేసే చిన్న బిళ్లలు) కోసం మూడు ఊళ్లు తిరిగిన మనిషిని, వదిలేసి రావడానికి మనసొప్పుతుందా?

మన బుర్ర తప్పుదారి పట్టేది ఎక్కడంటే, అమెరికాలో సీరియల్ నంబర్ ఉన్న రిసీవర్ (మిగతా భాగాలన్నీ బిగించే నడిమి భాగం) ఒక్కటే చట్టం దృష్టిలో తుపాకీ. బ్యారెల్, ట్రిగ్గర్, స్టాక్ లాంటివి ఆర్డర్ చేస్తే పోస్టులో ఇంటి గుమ్మం దగ్గర పెట్టిపోతారు. ఏళ్ల తరబడి అలా తెప్పించుకున్నాక బ్యారెల్ అంటే ఒక ఇనుప గొట్టంలాగే కనిపిస్తుంది.

ఇండియాలో లెక్క వేరు. 1959 నాటి ఆయుధాల చట్టం రెండో సెక్షన్ ఒకసారి తీసి చదవండి. తుపాకీ అంటే ఏమిటో చెప్పేచోట దాని భాగాలు, దాన్ని తయారుచేసే యంత్రాలు కూడా అందులోకే వస్తాయని ఉంది. తూటా అంటే ఏమిటో చెప్పేచోటా అంతే: తూటా భాగాలు, తూటాలు తయారుచేసే యంత్రాలు కూడా తూటాలే. అంటే మీ స్పేర్ బ్యారెల్ తుపాకీ కింద లెక్క, మీ ప్రెస్, డైలు తూటా కింద లెక్క. అక్షరం పొల్లుపోకుండా చదివితే మా ఆవిడ జంతికల గొట్టం కూడా తూటాయే! పదో సెక్షన్ ప్రకారం ఇవేవైనా దేశంలోకి తేవాలంటే లైసెన్స్ ఉండాలి. లేకుండా దొరికితే కస్టమ్స్ వాళ్లు స్వాధీనం చేసుకోవడంతో అయిపోదు, ఆయుధాల చట్టం కింద కేసు పడితే జైలు శిక్ష దాకా వెళ్తుంది.

ఖాళీ బ్రాస్ ఉత్త ఇత్తడే కదా అని నేను చాలా వాదించాను, నాతో నేనే. ఆ వాదన అమెరికాలోనే నిలవదు. అక్కడి చట్టం కూడా తూటా కేసు (ఈ ఇత్తడి గొట్టమే), ప్రైమర్, బుల్లెట్, పౌడర్ (లోపలి మందు పొడి) ఒక్కొక్కటిగా పేరు పెట్టి మరీ తూటా నిర్వచనంలో కలిపింది.

పౌడర్, ప్రైమర్ల గురించి మీరు అడగలేదు, మంచిదే. విమానంలో చేతి బ్యాగులోనైనా, చెక్ఇన్ లగేజీలోనైనా అవి నిషేధం. ఇండియాలో అవి పేలుడు పదార్థాల కిందికి వస్తాయి. 1884 చట్టం, 2008 నిబంధనలు, నాగ్‌పుర్‌లో పేలుడు పదార్థాల అనుమతులు చూసే కేంద్ర సంస్థ పెసో ఆఫీసు, అదంతా వేరే లోకం.

అమెరికా వైపు కూడా ఒక గేటు ఉంది, దాని సంగతి ఎవరూ చెప్పరు. 2020 మార్చి 9 నుంచి మామూలు తుపాకులు, తూటాలు, వాటి విడిభాగాల ఎగుమతి చాలావరకు విదేశాంగ శాఖ చేతిలోంచి వాణిజ్య శాఖ చేతికి మారింది. చేతితో తూటాలు నింపే పరికరాలు కూడా ఆ నియంత్రణ జాబితాలో పేరుతో సహా ఉన్నాయి. పౌరులు, గ్రీన్ కార్డ్ వాళ్లు వేటకో పోటీకో వెళ్తూ మూడు తుపాకులు, వెయ్యి తూటాల దాకా వెంట తీసుకెళ్లే వెసులుబాటు ఒకటుంది. అది తిరిగి తెచ్చేవాళ్లకే, మకాం ఎత్తేసి వచ్చేవాళ్లకు కాదు. గ్రూపుల్లో దాన్ని చూపించి "పర్లేదు బ్రో" అనేవాళ్ల మాట నమ్మకండి. ప్యాకింగ్ లిస్టులో "గరాజ్ టూల్స్" అని రాసి పంపేయమని నాకూ ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. కంటైనర్ మీ పేరు మీద వస్తుంది, సంతకం మీది, స్కానింగ్‌లో దొరికితే సమాధానం చెప్పాల్సిందీ మీరే.

ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ (మకాం మార్చి వచ్చేవాళ్లకు కస్టమ్స్ ఇచ్చే వెసులుబాటు) కింద ఒక తుపాకీ తెచ్చుకోవచ్చని ఎవరైనా చెప్పి ఉంటారు. నిజమే, కానీ షరతులు చూడండి. అనుమతించిన బోర్ (గొట్టం లోపలి సైజు) అయి ఉండాలి, విదేశంలో కనీసం ఏడాది మీ దగ్గర వాడకంలో ఉండాలి, ఇక్కడి అధికారులిచ్చిన లైసెన్స్ చేతిలో ఉండాలి, సుంకం కట్టాలి, ఇక జన్మలో దాన్ని అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. హైదరాబాద్‌లో లైసెన్స్ ఇచ్చేది పోలీస్ కమిషనర్. అక్కడ ఉద్యోగం చేస్తూ ఇక్కడ లైసెన్స్ సంపాదించడం ఎంత తేలికో మీరే ఊహించుకోండి. పైగా అక్కడ ఇంటింటా ఉండే 9 ఎంఎం పిస్టల్ ఇక్కడ నిషిద్ధ బోర్.

కస్టమ్స్ కాగితాల్లో "50కి మించిన తూటాలు నిషేధం" అని ఉంటుంది. దాన్ని తిరగేసి, 50 దాకా ఎవరైనా తేవచ్చని చదువుకునేవాళ్లు ఉన్నారు. మా మేనమామ వాళ్లలో ఒకడు. నల్గొండ వైపు పొలం, అడవిపందుల బెడద, లైసెన్స్ ఉన్న డబుల్ బ్యారెల్ 12 బోర్ తుపాకీ. "ఒరేయ్ అల్లుడూ, వచ్చేటప్పుడు రెండు పెట్టెలు పట్రా, అక్కడ చవకంట కదా" అని ఫోన్. లైసెన్స్ మామయ్యది, బ్యాగు నాది. కుదరదంటే నెల రోజులు అలిగాడు. ఆయన లైసెన్స్ మీదే ఏడాదికి ఎన్ని కొనొచ్చో రాసి ఉంటుంది, డీలర్ దగ్గర కొని పుస్తకంలో ఎక్కించుకోవాల్సిందే.

చివరికి రైఫిల్, బ్యారెల్ లైసెన్స్ ఉన్న డీలర్‌కే అమ్మేశాను. ప్రెస్, డైలు, బ్రాస్ రేంజ్‌లో పరిచయమైన ఒక పెద్దాయన తీసుకున్నాడు. పౌడర్, ప్రైమర్లు ఆయనకే ఊరికే ఇచ్చేశాను.

ఇంత జాగ్రత్తపడ్డా దెబ్బ తిన్నాను, అదీ వచ్చిన ఏడాదికి. రేంజ్‌కి వాడిన బ్యాక్‌ప్యాక్ మంచిదని పారేయలేదు. పిల్లల పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుపతి బయల్దేరాం. ఎయిర్‌పోర్ట్‌లో స్కానింగ్ దగ్గర బ్యాగ్ ఆపేశారు. పక్క జేబు అడుగున, లైనింగ్ చిరిగిన చోట, కాల్చేసిన పాయింట్ 223 తూటా ఖాళీ గొట్టం ఒకటి. ప్రైమర్ మీద పిన్ను పడిన గుంట స్పష్టంగా కనిపిస్తోంది, అయినా ఎక్కడిది, ఎవరిది, లైసెన్స్ ఉందా అని అడిగి లోకల్ పోలీసులకు అప్పగించారు. ఐదు గంటలు కూర్చోబెట్టారు. ఫోన్‌లో పాత హంటింగ్ లైసెన్స్ ఫొటో, రైఫిల్ అమ్మిన రసీదు ఉండబట్టి వాంగ్మూలం రాయించుకుని పంపించారు. ఫ్లైట్ పోయింది, ముహూర్తం పోయింది, మా అత్తగారి ముఖం ఇప్పటికీ గుర్తే. అదే ఇంకా కాల్చని తూటా అయితే కేసు రాసేవాళ్లు. బ్యాగులో ఉందని తెలియకుండా ఉన్నది నేరం కిందికి రాదని కోర్టులు అలాంటి ఎఫ్ఐఆర్‌లు కొట్టేసిన సందర్భాలు చాలానే ఉన్నాయి, తెలిసి దగ్గర పెట్టుకోవడమే ముఖ్యమని సుప్రీంకోర్టు 1972లోనే గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది. కానీ ఆ కొట్టివేత దాకా లాయర్ ఫీజు, వాయిదాలు, పాస్‌పోర్ట్ రెన్యువల్ టెన్షన్ మనవే.

కాబట్టి మీ రేంజ్ బ్యాగ్, వేటకు వేసుకున్న జాకెట్, కారు డిక్కీలో ఉన్న పాత మ్యాట్ ఏవీ కంటైనర్‌లో వేయకండి. బూట్లు కూడా దులిపి చూడండి, బ్రాస్ ఎక్కడికైనా దూరుతుంది.

మీ లిస్టులో నేను తెచ్చుకున్నవి వెర్నియర్ కాలిపర్, చిన్న డిజిటల్ త్రాసు, ఆ రెండే. అవి మామూలు కొలత సామాను. త్రాసులో పౌడర్ పొడి ఒక్క రేణువు లేకుండా తుడిచి మరీ పెట్టాను. ఇప్పుడు మా ఆవిడ దాని మీద బంగారం తూస్తుంది. అది గ్రెయిన్లలో చూపిస్తుంది, 15.43 గ్రెయిన్లు ఒక గ్రాము. కొనే ముందు ప్రతిసారీ ఆ భాగహారం చేసిపెట్టే డ్యూటీ నాది.