ముందు మోకాలు, తర్వాత తాడు

(జవాబులు: తొమ్మిదేళ్లు హైదరాబాద్ ఫైట్ యూనిట్లలో రోప్ లాగి, ఇప్పుడు నల్లగొండలో పిల్లలకు కరాటే నేర్పుతున్న మాస్టర్)

ప్రశ్న: మాస్టరు గారూ, గాలిలో తేలుతూ కత్తియుద్ధం చేసే చైనా సినిమాలంటే నాకు ప్రాణం. మా నాయన మాత్రం "తాళ్లు కట్టి లేపితే ఎవడైనా ఎగురుతడు. బ్రూస్ లీ లెక్క నేల మీద కొట్టి చూపియ్యమను" అంటడు. మా ఇంట్లో ఈ పంచాయితీ తెగేటట్టు లేదు. మీరేమంటారు?
- ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: తమ్ముడూ, మీ నాయన మాటలో సగం నిజముంది. తాడు కడితే ఎవడైనా లేస్తాడు. లేవడం వేరు, ఎగరడం వేరు. ఆ తేడా నాకు సినిమాల్లోకి పోకముందే తాటివనంలో తెలిసింది. మా నాయన గీత కార్మికుడు. చిట్యాల దగ్గర మా ఊళ్లో పొద్దున్నే మోకు, అంటే తాడెక్కేటప్పుడు చెట్టుకూ ఒంటికీ చుట్టుకునే తాడు, భుజానేసుకుని పోయేవాడు. దూరం నుంచి చూస్తే ఆయన బరువంతా మోకే మోస్తున్నట్టుండేది. చెట్టు మొదట్లో నిలబడి చూస్తే ముందు పాదాలు జరిగేవి, తర్వాత మోకాళ్లు నిటారయ్యేవి, మనిషి పైకి లేచినంకనే మోకు పైకి జరిగేది. "మోకు ఎక్కియ్యదు బిడ్డా, పడకుండ ఆపుతది, అంతే" అనేవాడు.

రోప్ ఫైటులోనూ అదే లెక్క. ఆర్టిస్టు నడుముకు బెల్టు, రెండు పక్కలా రెండు తీగలు, పైన క్రేనుకు గిరకలు, తాడు ఇవతలి కొసన మేం నలుగురం. మా కళ్లు ఆర్టిస్టు మొహం మీద ఉండవు, మోకాళ్ల మీద ఉంటాయి. మోకాళ్లు వంగి, కాలు నేలను తన్నిన క్షణంలో లాగితే ఆ ఊపు అతనిదే అనిపిస్తుంది. రెప్పపాటు ముందు లాగామా, నడుము ముందు లేచి కాళ్లు కింద వేలాడతాయి, బావిలోంచి బొక్కెన చేదినట్టు. ఒకసారి నేను అట్లనే తొందరపడ్డాను. డూపుగా చేస్తున్న పిల్లగాడు ఇంకా సిద్ధం కాలేదు. గాల్లో తిరిగిపోయి భుజం గోడ అంచుకు కొట్టుకుంది. రెండు నెలలు చెయ్యి ఎత్తలేకపోయాడు. ఆ షాటునే సినిమాలో ఉంచారు. టీవీలో వచ్చినప్పుడు నేను అక్కడి నుంచి లేచిపోతాను.

ఇక చైనా కథల సంగతి. ఒళ్లు తేలిక చేసుకునే విద్య ఒకటి వాళ్ల వీరగాథల్లో తరాల నుంచీ ఉంది. ఎవడెంత ఎగురుతాడనేది వాడి సాధనకు కొలత. 2000లో వచ్చిన 'క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్' మొదట్లో రాత్రి ఫైటు చూడు. కత్తి దొంగిలించిన అమ్మాయి గోడలెక్కి పారిపోవాలని చూస్తుంటే, మిషెల్ యో చేసిన షు లియెన్ పాత్ర ఆమెను మళ్లీ మళ్లీ నేలకు లాగుతుంది. ఒకరు మీదికి, ఒకరు కిందికి. ఆ పెనుగులాటలోనే ఇద్దరి స్వభావాలూ తెలిసిపోతాయి. ఆ సినిమా షూటింగులోనే మిషెల్ యో మోకాలి లిగమెంటు తెగింది. తాళ్ల మీద ఆట అనేవాళ్లకు నేను మొదట చెప్పే సంగతి ఇదే.

ఆ సినిమా వెదురు వనం ఫైటు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అందులో నటించిన చౌ యున్ ఫాట్‌ను, జాంగ్ జియిని నిజంగానే క్రేన్లకు వేలాడదీసి తీశారు, తీగలను తర్వాత కంప్యూటర్లో చెరిపారు. నాకు నచ్చేది ఆ ఎత్తు కాదు. కాలు పెట్టిన వెదురు వంగుతుంది, తిరిగి లేస్తుంది. అంటే మనిషికి బరువుంది! గాలి వీచినప్పుడు మా నాయన తాటిచెట్టు ఊపుకు ఒళ్లు అప్పజెప్పేవాడు, అచ్చం అట్లనే.

లోపం ఎక్కడొస్తుందంటే, ఆ బరువు మాయమైనప్పుడు. 2002 నాటి 'హీరో'లో సరస్సు నీళ్ల మీద తేలుతూ చేసే ఫైటు కంటికి మస్తుగుంటుంది, గుండె మాత్రం కదలదు. ఎవరికీ దెబ్బ తగులుతుందన్న భయం లేదు కదా. మన దగ్గర ఇంకో జబ్బు: ఒక్క తన్నుకు పదిమంది గాల్లో లేచి సుమోల మీద పడతారు. కొట్టినవాడి కాలు సగం కూడా చాచి ఉండదు. అందరూ ఎగిరితే ఎవరి విద్య గొప్పో ఎట్ల తెలుస్తది? తీగలు కనపడతాయన్న భయం ఉన్న రోజుల్లో సన్నటి తీగలకు రంగు పూసి, వెలుతురు చూసుకుని, షాటును చిన్నగా కోసేవాళ్లు. చెరిపే సౌకర్యం వచ్చాక ఆ జాగ్రత్త చాలామందిలో పోయింది.

మీ నాయనకు ఒక ముచ్చట చెప్పు. 1973 నాటి 'ఎంటర్ ద డ్రాగన్'లో బ్రూస్ లీ పల్టీలు కొట్టింది యుయెన్ వా అనే డూపు. దాంతో బ్రూస్ లీ పంచ్ బలం తగ్గిందా? తాడైనా డూపైనా సాయమే.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. ఇట్లాంటివి ఒక్కటీ చూడలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి సార్?
- ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: అమ్మా, మొదట 'క్రౌచింగ్ టైగర్'. తర్వాత కింగ్ హూ తీసిన 'ఎ టచ్ ఆఫ్ జెన్' (1971). అందులోనూ వెదురు వనంలో ఫైటుంది, ట్రాంపొలీన్ల (దూకితే పైకి ఎగరేసే బిగువు గుడ్డల) మీద దూకించి, ఎడిటింగ్ కత్తిరింపుతో ఎగిరించాడు. మూడోది థాయ్ సినిమా 'ఓంగ్ బాక్' (2003). అందులో టోనీ జా తీగ లేకుండా చేశాడు. మూడూ చూశాక మన కోదాడ దగ్గరి గుడిబండలో పుట్టిన కాంతారావు గారి జానపదం ఒకటి పెట్టుకో. ఆయన కత్తి పట్టి నిలబడ్డప్పుడు పాదాలు చూడు.

ప్రశ్న: మా పిల్లలు వేపచెట్టు కొమ్మకు తాడేసి, నడుముకు కట్టుకుని రీల్స్ తీస్తున్నారు. ఆపాలా?
- ఒక తండ్రి, దేవరకొండ

జవాబు: ఈరోజే ఆపండి అన్నా. తాడు నడుముకు ఒక్క చోట కడితే మనిషి తలకిందులవుతాడు, గాల్లో ఉన్నవాణ్ని ఆపే చెయ్యి కింద ఉండదు. ఎగరాలన్న కోరిక మాత్రం తప్పు కాదు, దాన్ని తిట్టకండి. ఇసుక పోయించి, రెండడుగుల అరుగు మీంచి దూకించండి. మునివేళ్లు ముందు ఆనాలి, మోకాళ్లు వంగాలి, చప్పుడు రాకూడదు. మా క్లాసులో మొదటి నెలంతా ఇదే చేయిస్తాను.