ఈఎన్45 తీసి ఈఎన్47 వేస్తే కమాన్ కట్ట గట్టిపడుతుందా?

మినీ లారీ వెనుక కమాన్ కట్టలు (బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులు) లోడుకు కుంగిపోతున్నాయనీ, ఈఎన్45 రకం ఉక్కు పట్టీలు తీసేసి అవే కొలతల్లో ఈఎన్47 పట్టీలు వేయిస్తే కుంగడం తగ్గుతుందా అనీ మీరు అడిగారు. విజయవాడ ఆటోనగర్‌లో కమాన్లు కట్టే ఒక షెడ్డులో కొన్నేళ్లు పనిచేసిన నేను కూడా మొదట్లో తగ్గుతుందనే నమ్మేవాణ్ని. చివరికి ఒకే పొడవు, వెడల్పు, మందం గల రెండు రకాల పట్టీలను కొసల దగ్గర ఆనించి, నడుమ ఒకే బరువు వేలాడదీసి కొలిస్తే, రెండూ దాదాపు ఒకే మేర వంగాయి.

ఇందులో వింతేమీ లేదు. వంగుడును నిర్ణయించే యంగ్ గుణకం ఈ రెండింటికీ సుమారు 200 నుంచి 210 గిగాపాస్కల్‌లే. పదును పెట్టినా, అంటే కాల్చి చల్లార్చి గట్టిపరచినా, అది చెప్పుకోదగినంతగా మారదు. మందం సంగతి వేరు: పట్టీ గట్టిదనం, అంటే వంగకుండా నిలిచే గుణం, మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది కనుక, మందం 10 శాతం పెంచితే గట్టిదనం 33 శాతం పెరుగుతుంది.

అయితే లోడు దించాక కూడా కమాను వంపు తిరిగి రావడం లేదంటే, అప్పుడు ఉక్కు రకాన్నీ, దానికి పెట్టిన పదునునీ అనుమానించాలి. ఎంత ఒత్తిడి వరకు పట్టీ మళ్లీ మొదటి ఆకారానికి రాగలదన్నది వాటి మీదే ఆధారపడుతుంది. ఈఎన్45లో 1.5 నుంచి 2 శాతం వరకు ఉండే సిలికాన్ ఇలా శాశ్వతంగా కుంగిపోకుండా బాగానే కాపాడుతుంది, ధర కూడా తక్కువ. కానీ కొలిమిలో ఎక్కువసేపు ఉంటే పైపొరలోని కార్బన్ కాలిపోయి ఆ పొర మెత్తబడుతుంది, పగుళ్లు అక్కడే మొదలవుతాయి. మా దగ్గరకు విరిగి వచ్చిన ఒక మెయిన్ పట్టీని ఆకురాయితో రాస్తే పైన సులువుగా తెగింది, ఆ పొర పోయాక మాత్రం మొరాయించింది. ఈఎన్47లో ఉండే ఒక శాతం క్రోమియం వల్ల మందమైన పట్టీ కూడా నూనెలో చల్లార్చినప్పుడు లోపలిదాకా పదునెక్కుతుంది, కొద్దిపాటి వెనేడియం ఉక్కులోని రేణువులను సన్నగా ఉంచుతుంది. అందుకే గతుకుల రోడ్ల మీద ఎక్కువ కాలం మన్నుతుందని నా అభిప్రాయం.

కాబట్టి ముందు బండి ఖాళీ చేసి వంపు కొలవండి. వంపు సరిగ్గానే ఉంటే, ఉక్కు మార్చకుండా కట్టకు ఒక పట్టీ అదనంగా వేయించండి. వంపు పోయి ఉంటే ఈఎన్47 వేయించవచ్చు, కానీ టెంపరింగ్ (చల్లార్చిన ఉక్కును మళ్లీ కొంత వేడిచేయడం) తరువాత ఉక్కు కాఠిన్యం, దాన్ని కొలిచే రాక్‌వెల్ సి స్కేలుపై 42 నుంచి 48 మధ్య ఉందో లేదో చూపించమని అడగండి. పాత పట్టీనే గ్యాస్ మంటతో కాల్చి వంచి ఇస్తామంటే మాత్రం ఒప్పుకోకండి, ఆ కాల్చిన చోట పదును పోతుంది.