పాపకి రైఫిల్: కొత్తదా, సెకండ్ హ్యాండ్‌దా?

అల్లుడూ,

పాప షూటింగ్ పోటీల కోసం రాత్రి నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ఒకటి అప్పుడే డబ్బాలోంచి తీసిన కొత్త ఎయిర్ రైఫిల్, రెండోది హైదరాబాద్‌లో ఎవరో అమ్ముతున్న పన్నెండేళ్ల నాటి ఎయిర్ రైఫిల్, జర్మనీ కంపెనీ ఫైన్‌వెర్క్‌బౌది. ధర రెండింటికీ అటూ ఇటూగా ఒకటే, ఏది తీసుకోమంటావు మామా అన్నావు. ఫోన్లో చెబితే రొయ్యల గుంటల దగ్గర నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల మోతలో సగం వినపడదు నీకు, అందుకే కూర్చుని రాస్తున్నా.

పాతదే తీసుకో. అయితే రైఫిల్ వయసు కాదు చూడాల్సింది, గుండుని తోసే గాలి నింపి ఉంచే దాని సిలిండర్ వయసు.

నేను కాలేజీలో ఎన్‌సీసీలో ఉన్నప్పుడు మా చేతికిచ్చిన .22 రైఫిల్ వయసులో నాకంటే పెద్దది. లీ ఎన్‌ఫీల్డ్‌ని .22కి మార్చిన రకం, ఒక్కో గుండు చేత్తో పెట్టి బోల్ట్ మూయాలి. కట్టె అరిగి నున్నగా అయిపోయింది, అయినా 25 గజాల్లో అయిదు గుండ్లూ రూపాయి బిళ్లంత చోట పడేవి, మనం ఊపిరి సరిగ్గా పట్టుకుంటే. పాప ఆడే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కూడా ఒంటి గుండుదే కదా. 75 నిమిషాల్లో 60 గుండ్లు, ప్రతిసారీ తెరవాలి, పెల్లెట్ (చిన్న సీసం గుండు) పెట్టాలి, మళ్లీ భుజానికి ఆనించాలి. పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లయితే టార్గెట్ మధ్యలోని పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. ఆ చుక్కని తాకించేది కొత్త పెయింట్ కాదు, మంచి బ్యారెల్ (గొట్టం), ఒకే తీరుగా తెగే ట్రిగ్గర్. మందుగుండు లేదు, వేడి లేదు, మెత్తటి సీసం పెల్లెట్ సెకనుకి 170 మీటర్ల చిల్లర వేగంతో పోతుంది, అంతే. అలాంటి బ్యారెల్‌ని జాగ్రత్తగా వాడితే పన్నెండేళ్లకి అరగదు. అదే డబ్బుకి కొత్తది కొంటే వచ్చేది అన్నిటికన్నా కింది మోడల్. పాప ఆట పెరిగేకొద్దీ దాని ట్రిగ్గర్, స్టాక్ (భుజానికి ఆనించే కట్టె) చాలవు, రెండేళ్లకి మళ్లీ నా దగ్గరికే వస్తావు. కొత్తదానికి వారంటీ ఉంటుంది, సిలిండర్‌కి పదేళ్ల ఆయుష్షు నిండుగా ఉంటుంది, ఆ మాట ఒప్పుకుంటా.

ఆ పదేళ్ల సంగతే నీకు గట్టిగా చెప్పాలి. పోటీల్లో అంతర్జాతీయ నిబంధన ప్రకారం గాలి సిలిండర్ తయారైన తేదీ నుంచి ఎక్కువలో ఎక్కువ పదేళ్లే చెల్లుతుంది, ఆ తేదీ సిలిండర్ మీదే ఉంటుంది. నా దగ్గర నేర్చుకున్న ఒక పిల్లవాడికి నేనే చూసి సెకండ్ హ్యాండ్‌ది కొనిపించాను. బ్యారెల్ చూశాను, ట్రిగ్గర్ చూశాను, సిలిండర్ తిప్పి చూడలేదు. పోటీ రోజు ఎక్విప్‌మెంట్ చెక్‌లో ఆపేశారు. పక్కవాళ్లని బతిమాలి ఇంకో సిలిండర్ తెస్తే అది వేరే కంపెనీది, మర పట్టలేదు. వాడు ఏడవను కూడా లేదు, జాకెట్ విప్పకుండా అలాగే గోడకి ఆనుకుని కూర్చున్నాడు. వాడి నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తప్పు నాదే, ఇప్పటికీ మనసులోంచి పోలేదు నాకు.

నువ్వు చూస్తున్నది పన్నెండేళ్లది అంటే, లెక్క ప్రకారం దాంతో వచ్చిన సిలిండర్ గడువు అయిపోయింది. మార్చారా లేదా అడుగు, తేదీ కనిపించేలా ఫొటో పంపమను. మార్చకపోతే ఆ మోడల్‌కి కొత్త సిలిండర్ ఇప్పుడు దొరుకుతుందో లేదో, ఎంతో కనుక్కుని ఆ డబ్బు ధరలోంచి తీసెయ్. దొరకదంటే ఆ బేరం వదిలెయ్. పోటీకి కాదులే, ప్రాక్టీస్‌కే కదా అంటారు, వినకు. అందులో 200 బార్ ఒత్తిడితో గాలి ఉంటుంది, కారు టైర్లో ఉండేదానికి సుమారు తొంభై రెట్లు, అది పాప ముఖానికి అంత దగ్గర్లో ఉంటుంది.

ఇంతకీ కావలిలో ఆ గాలి ఎక్కడ నింపుతావు, ఆలోచించావా? పంక్చర్ షాపు కంప్రెసర్ ఎనిమిది, పది బార్ దాటదు. దానికోసమే చేసిన హ్యాండ్ పంపు కొనాలి, లేదా డైవింగ్ వాళ్లు వాడే పెద్ద సిలిండర్ నుంచి ఎక్కించాలి. మన సముద్రపు గాలిలో చెమ్మ ఎక్కువ, పంపుకి చెమ్మ పీల్చే ఫిల్టర్ లేకపోతే నీళ్లు లోపలికి పోయి తుప్పు పడుతుంది. ఇదంతా కుదరదనిపిస్తే ఇంకో దారి ఉంది, 1970ల నుంచి వచ్చిన ఫైన్‌వెర్క్‌బౌ 300 రకం. దానికి సిలిండరే లేదు, పక్కనున్న లివర్ లాగి స్ప్రింగ్ బిగించడమే. నేర్చుకునే పిల్లలకి ఈ రోజుకీ బంగారం లాంటిది.

కాగితాలు. .177 బోర్ (గొట్టం లోపలి వెడల్పు అంగుళాల్లో, అంటే ఆ 4.5 మిల్లీమీటర్లే), 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కి 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు, పాపది ఎనిమిది జౌల్స్ లోపే ఉంటుంది. అయినా బిల్లు, దిగుమతి కాగితం తీసుకో, వాటి మీది నంబరూ రైఫిల్ మీది నంబరూ ఒకటేనా చూడు. ఎవరైనా .22 చవగ్గా ఉంది, లైసెన్స్ తర్వాత చూసుకుందాం అంటే ఫోన్ పెట్టేసెయ్, అది జైలు వ్యవహారం.

ఇంకొకటి, ఫొటోలో ఉన్నది కుడిచేతి వాటం గ్రిప్. పాప ఎడమ చేత్తో రాస్తుంది కదా? రాసే చెయ్యి కంటే గురి చూసే కన్ను ముఖ్యం. రెండు అరచేతులతో చిన్న సందు చేసి, రెండు కళ్లూ తెరిచి దూరంగా ఉన్న గడియారాన్ని ఆ సందులోంచి చూడమను. తర్వాత ఒక్కో కన్ను మూయమను. ఏ కన్ను తెరిచినప్పుడు గడియారం కనిపిస్తుందో ఆ కన్ను. ఎడమ కన్నైతే ఎడమ గ్రిప్ దొరుకుతుందో లేదో తేలేదాకా బేరమే మొదలుపెట్టకు. బరువు కూడా చూడు. నిబంధన 5.5 కిలోల దాకా ఒప్పుకుంటుంది కానీ పదో తరగతి పిల్ల నడుము ఒప్పుకోవాలి కదా. అరగంట పట్టుకుని నిలబడనివ్వు, వెన్ను ఎలా వంగుతుందో పక్కనుంచి చూడు.

చూడటానికి వెళ్లినప్పుడు సిలిండర్ నింపించి గేజ్ ఎంతుందో రాసుకో, రాత్రి అలా వదిలేసి పొద్దున చూడు, ముల్లు దిగితే సీల్ పోయినట్టే. సీల్ చిన్న ఖర్చు, భయపడకు, ధర మాత్రం తగ్గించు. బ్యారెల్ చివర, లోపల టార్చ్ వేసి తుప్పు చూడు. తర్వాత బల్ల మీద ఆనించి పది గుండ్లు కాల్చు, ఒకే చిల్లు పడాలి. పడకపోతే వెంటనే రైఫిల్‌ని అనకు, పెల్లెట్ తల 4.49, 4.50, 4.51 అని సైజులుంటాయి, మార్చి చూడు. వెనక పీప్ సైట్ (కన్ను ఆనించి గురి చూసే చిన్న కంత) ధరలోనే ఉందా అని అడుగు, కొందరు అది విప్పి విడిగా అమ్ముతారు.

గుంటల దగ్గర పనివాళ్లు నీటికాకులు రొయ్యల్ని తినేస్తున్నాయి, ఒకసారి ఆ తుపాకీ ఇవ్వన్నా అంటారు. ఇవ్వకు. పక్షుల్ని కొట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, పైగా పాప రైఫిల్ పాప చేతిలో తప్ప ఇంకెవరి చేతిలోనూ ఉండకూడదు. వాడనప్పుడు పెట్టెలో పెట్టి తాళం వెయ్యి.

రొయ్యల పట్టుబడి డబ్బులు చేతికొచ్చాయని అడ్వాన్స్ పంపెయ్యకు. సిలిండర్ తేదీ ఫొటో ముందు నాకు రావాలి. సరిగ్గా ఉంటే సింహపురి ఎక్స్‌ప్రెస్‌కి మూడు టికెట్లు చెయ్యి, నేను ఒంగోల్లో ఎక్కుతా. పాపని షూటింగ్ జాకెట్, తను వాడే పెల్లెట్ల డబ్బా తెచ్చుకోమను.

మీ మామయ్య