మేనకోడలికి: రాత్రంతా లెక్కలు చేస్తే కంప్యూటర్ అరిగిపోతుందా?

చిరంజీవి శ్రావణికి మావయ్య ఆశీస్సులు.

జనం ఇళ్లలోని కంప్యూటర్ల చేత శాస్త్రవేత్తల లెక్కలు చేయించే ఐన్‌స్టీన్ ఎట్ హోమ్‌లో చేరాలని నీకుందనీ, రాత్రీపగలూ ఎవరి లెక్కలో చేయిస్తే కంప్యూటర్ పాడవుతుందని బావగారు ఒప్పుకోవడం లేదనీ రాశావు. ఆయన భయం ఉత్తదేం కాదు. కాకపోతే ఆయన ప్రాసెసర్ గురించి భయపడుతున్నారు, అరిగేవి వేరే ఉన్నాయి.

ప్రాసెసర్‌లో కదిలే భాగమంటూ ఏదీ లేదు. లోపలి సన్నటి తీగల్లో కరెంటు తాకిడికి లోహపు అణువులు కొద్దికొద్దిగా జరుగుతాయన్న మాట నిజమే. వేడి, వోల్టేజీ పెరిగేకొద్దీ అది వేగంగా జరుగుతుంది. కానీ కంపెనీ పెట్టిన హద్దుల్లో నడిపితే, ఆ చిప్ చెడిపోయేలోపే పాతబడిందని నువ్వే మార్చేస్తావు. మరీ వేడెక్కితే అదే వేగం తగ్గించుకుంటుంది కూడా. ఆ హద్దులు దాటించి వేగం పెంచే ఓవర్‌క్లాకింగ్ జోలికి మాత్రం పోకు. చిప్ సంగతి అటుంచి, లెక్క తప్పు వస్తే చేసిన పనంతా వృథా.

అరిగేవాటిలో మొదటిది ఫ్యాను. పగలూ రాత్రీ తిరిగితే బేరింగ్ అరుగుతుంది. ముందు సన్నగా గరగర మొదలవుతుంది, అప్పుడే మార్చేస్తే పెద్ద ఖర్చేం కాదు. తరవాత పవర్ సప్లైలో కరెంటుని కాసేపు నిలవ ఉంచే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. వాటి లోపలి ద్రవం వేడికి నెమ్మదిగా ఆరిపోతుంది. వేడి 10 డిగ్రీలు తగ్గితే వాటి ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్ల మోటు లెక్క. అందుకే కంప్యూటర్ కొనేటప్పుడు నాసిరకం పవర్ సప్లై వద్దని నేను అందరి చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతుంటాను. దాని డబ్బా మాత్రం నువ్వు విప్పకు. ప్లగ్ తీసేసినా లోపల షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉండొచ్చు.

ఇక అసలు సంగతి. పాపం కంప్యూటర్ మీద జాలిపడి చాలామంది, ఈ లెక్కలు నడిపే ప్రోగ్రామ్ బోయింక్ సెట్టింగ్స్‌లో సీపీయూ టైమ్‌ని, అంటే ప్రాసెసర్ పనిచేసే సమయాన్ని, 50 శాతానికి తగ్గిస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ అలా పెడితే ప్రాసెసర్ సగం జోరుతో నడవదు. కాసేపు పూర్తి జోరుగా నడిచి, ఆగి, మళ్లీ నడుస్తుంది. టెంపరేచర్ చూపించే ప్రోగ్రామ్ ఒకటి తెరిచి చూడు, గ్రాఫ్ రంపపు పళ్లలా పైకీ కిందికీ కొట్టుకుంటూ ఉంటుంది. వేడెక్కిన లోహం సాగుతుంది, చల్లారితే కుదించుకుంటుంది. అది పదేపదే జరిగితే టంకం అతుకులకు అలసట వస్తుంది. నిలకడగా 65 డిగ్రీల దగ్గర నడిచే యంత్రం కన్నా 45కీ 80కీ మధ్య ఊగిసలాడేదే నా దృష్టిలో ఎక్కువ నలుగుతుంది. కాబట్టి సీపీయూ టైమ్ 100 శాతమే ఉంచి, వాడే కోర్ల సంఖ్య, అంటే ప్రాసెసర్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాల సంఖ్య, సగానికి తగ్గించు. వేడీ తగ్గుతుంది, ఊగడమూ తగ్గుతుంది, ఫ్యాను గోల కూడా ఉండదు. గ్రాఫిక్స్ కార్డు ఉంటే దాని పవర్ లిమిట్ కొంచెం దించు. వేగం పోయేది స్వల్పం, తగ్గే వేడి బోలెడు.

ఫైళ్లు దాచే డిస్క్, ఎస్‌ఎస్‌డీ గురించి అంత కంగారక్కర్లేదు. చేసిన లెక్కని డిస్క్ మీద దాచుకునే వ్యవధి మామూలుగా 60 సెకన్లు ఉంటుంది, దాన్ని 600 చేస్తే చాలు.

దుమ్ము విషయంలో మాత్రం బద్ధకించకు. రెండు మూడు నెలలకోసారి ప్లగ్ తీసేసి, పక్క మూత విప్పి, ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రెక్కల మధ్య పేరుకున్నది ఊదెయ్యి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో ఆపి పట్టుకో, గాలికి గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది. శుభ్రం చేశాక కూడా వేడి తగ్గకపోతే ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయిందేమో చూడాలి.

లాప్‌టాప్‌లో ఈ పని పెట్టొద్దంటాను. వేడీ, ఎప్పుడూ నిండా ఛార్జీ, రెండూ కలిస్తే బ్యాటరీ తొందరగా సత్తువ కోల్పోతుంది. తప్పదంటే ఛార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు ఉందేమో చూసుకుని, ఒకటి రెండు కోర్లతో సరిపెట్టు.

బావగారితో మాట్లాడేటప్పుడు అరుగుదల కన్నా ముందు కరెంటు బిల్లు సంగతి చెప్పు. కంప్యూటర్ అదనంగా 100 వాట్లు లాగిందనుకో, రోజంతా నడిస్తే 2.4 యూనిట్లు, నెలకి 72. ఆ భారం ఆయనదే కదా, ఆయనకి తెలియకుండా మొదలుపెట్టడం బాగుండదు. రాత్రి కొన్ని గంటలే నడిచేలా వేళలు పెట్టుకోవచ్చు. ఇంత ఖర్చు దేనికంటే 2010 సంగతి చెప్పు. ఆ ఏడాది అమెరికాలో ఒక ఇంటి కంప్యూటరూ, జర్మనీలో మరొకటీ చేసిన ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ లెక్కల్లోనే అంతకుముందు ఎవరికీ తెలియని పల్సర్, అంటే గిర్రున తిరుగుతూ రేడియో తరంగాలు పంపే ఒక నక్షత్రం, బయటపడింది.

ఆయన సరేనంటే మొదటి వారం సగం కోర్లతో నడిపి, పూర్తి పని మీద ఉన్నప్పుడు టెంపరేచర్ ఎంత చూపిస్తోందో రాసి పంపు. ఏ ప్రాసెసరో, గదిలో ఏసీ ఉందో లేదో కూడా రాయి. 80 దాటుతుంటే ఇంకో కోరు పెంచకుండా నాకు ఫోన్ చెయ్యి.

మావయ్య